సరిహద్దు ఊళ్లో చిన్న స్కూటరు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పర్లాకిమిడి. ఇల్లు ఒడిశాలో, ఉద్యోగం ఆంధ్రలో. మహేంద్రతనయ నది దాటి పాతపట్నం మీదుగా పోను పదిహేడు కిలోమీటర్లు, రాను పదిహేడు. ఎనిమిదేళ్లుగా ఇదే దారి, ఇదే తరహా 110 సీసీ బండి. మొదటిది అమ్మేశాను, ఇప్పటిది రెండోది. కొత్తగా బండి కొనాలనుకునే మేనల్లుళ్లు, తోటి ఉద్యోగులు, పక్కింటి పిన్నిగారు అడిగిన ప్రశ్నలే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

బండి ఏ రాష్ట్రంలో రిజిస్టర్ చేయించుకోవాలి?

బండి రాత్రి ఎక్కడ పడుకుంటే అక్కడ. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 40వ సెక్షను చెప్పేది ఇంచుమించు ఇదే. యజమాని నివాసమో వ్యాపార స్థలమో, బండిని మామూలుగా ఉంచే చోటు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రంలో నమోదు చేయించాలి. మీరు పర్లాకిమిడిలో ఉంటూ రోజూ ఆంధ్రకు వెళ్లి వస్తుంటే మీది గజపతి జిల్లా నంబరు, ఓడీ 20. పాతపట్నంలో ఇల్లు ఉండి పర్లాకిమిడిలో కొట్టు నడుపుకుంటూ రాత్రికి ఇంటికి వెళ్లిపోయేవారికి ఏపీ నంబరు సరిపోతుంది. రోజుకు ఎన్నిసార్లు వంతెన దాటారన్నది ఎవరికీ పట్టదు.

సరిహద్దు ఊళ్లలో అందరికీ అవతలి పక్క ఒక బావగారో పెద్దమ్మో ఉంటారు. పన్ను కొంచెం తగ్గుతుందనో షోరూములో బండి వెంటనే దొరుకుతుందనో వాళ్ల చిరునామా మీద కొనేస్తారు. కొన్న రోజు బాగానే ఉంటుంది. బండి పోయినా, గుద్దినా, అమ్మాలన్నా అప్పుడు తెలుస్తుంది, కాగితం ఒక ఊళ్లోనూ మనిషి ఇంకో ఊళ్లోనూ ఉండటం ఎంత పీడో.

ఇప్పటికే ఆంధ్ర నంబరు బండి ఉంది. ఒడిశాకు కాపురం మార్చాను. మార్చుకోవాలా?

పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే మార్చుకోవాలి. అదే చట్టం 47వ సెక్షను. చేయవలసిన పని వరసగా చెబుతాను. ముందు బండి మీద అప్పు ఉంటే తీర్చి, ఫైనాన్స్ కంపెనీ నుంచి లేఖ తీసుకుని, ఆర్‌సీ మీద ఉన్న హైపోథికేషన్ (అప్పు ఉందన్న నమోదు) 35వ నంబరు ఫారంతో కొట్టేయించాలి. అప్పు ఇంకా ఉంటే ఫైనాన్స్ వాళ్ల అంగీకార పత్రం కావాలి. తరవాత పాత రాష్ట్రంలో 28వ నంబరు ఫారంతో అభ్యంతరం లేదన్న పత్రం, అంటే ఎన్‌ఓసీ తీసుకోవాలి. దానికి ముందు బాకీ చలానాలన్నీ కట్టేయండి. ఎక్కడో ఒక్కటి మిగిలినా పని అక్కడే ఆగుతుంది. ఎన్‌ఓసీ చేతికి వచ్చాక ఇక్కడ 27వ నంబరు ఫారం పెట్టి, జీవితకాల పన్నులో మిగిలిన కాలానికి లెక్క కట్టి చెల్లిస్తే కొత్త నంబరు ఇస్తారు. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన భాగం వాపసు అడగవచ్చు. అయితే అడగాలి, దరఖాస్తు పెట్టాలి, తిరగాలి. పదేళ్ల పాత స్కూటరుకు వచ్చే మొత్తం తిరిగిన పెట్రోలుకు చాలదని నా అనుమానం. కొత్త బండి అయితే తప్పక అడగండి.

వంతెన దాటడానికి బండికి రెండు నిమిషాలు పడుతుంది. అదే వంతెన బండి కాగితం దాటడానికి నాకు రెండు నెలలు పట్టింది.

బీహెచ్ నంబరు తీసుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా?

ఉండదు, మీకు ఇస్తే. 2021 సెప్టెంబరులో వచ్చిన, దేశమంతటా చెల్లే ఈ భారత్ సిరీస్ నంబర్లు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, రక్షణ శాఖ వారికి, ప్రభుత్వ రంగ సంస్థల వారికి, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు. బ్యాంకులో పనిచేస్తూ మూడేళ్లకోసారి బదిలీ అయ్యేవారికి బంగారం లాంటిది. నాలాంటి రైసు మిల్లు గుమాస్తాలకు కాదు.

లైసెన్సు ఆంధ్రది, బండి ఒడిశాది. తప్పా?

తప్పు కాదు. లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది. చూసుకోవలసింది వేరే ఉంది: గేర్లు లేని బండికి మాత్రమే ఇచ్చిన లైసెన్సుతో గేర్ల బండి నడపకూడదు. నాన్నగారి గేర్ల బండి అప్పుడప్పుడూ తీయవలసి వస్తుందనుకుంటే మొదటే గేర్ల బండికి పరీక్ష ఇచ్చేయండి, రెండూ నడపవచ్చు.

పదహారేళ్ల పిల్లలకు లైసెన్సు ఇస్తారన్న మాట సగమే నిజం. తల్లిదండ్రుల అంగీకారంతో ఇచ్చేది 50 సీసీ లోపు గేర్లు లేని బండికే, మీ ఇంట్లో ఉన్న 110 సీసీకి కాదు. 2019 సవరణ తరవాత మైనరు బండి నడిపి పట్టుబడితే సంరక్షకుడికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. ట్యూషనుకు ఆలస్యమవుతోందని తాళం చేతికిచ్చే నాన్నలు ఈ నాలుగూ ఒకసారి పైకి చదువుకోవాలి.

ఏ స్కూటరు కొనమంటారు?

కంపెనీ పేరు చెప్పను. చక్రం చూడండి. మన రోడ్లకు అదే ముఖ్యం. చాలా స్కూటర్లకు వెనక పది అంగుళాల చక్రం, ముందు పన్నెండు. రెండు వైపులా పన్నెండు ఉన్నవి గుంతల్లో కొంచెం నయం. పది అంగుళాల చక్రం గుంతలోకి దిగుతుంది, పదహారు అంగుళాలది దాని మీదుగా పోతుంది. పొలాల వైపు టీవీఎస్ ఎక్సెల్ ఇంకా రాజ్యమేలడానికి కారణం ఆ పెద్ద చక్రాలు, బస్తా పెట్టుకోవడానికి వీలైన ముందు జాగా. నాజూకుగా ఉండదు, నవ్వుతారు. వానాకాలంలో మెళియాపుట్టి వైపు చేలగట్ల మీద ఎవరు నవ్వుతారో చూడాలి.

తరవాత బరువు. 110 సీసీ స్కూటర్లు సుమారు 105 కిలోలు తూగుతాయి. షోరూములో చేయవలసిన పరీక్ష ఒక్కటే: ఎవరు నడుపుతారో వాళ్లే వచ్చి, కూర్చుని రెండు కాళ్లూ నేలకు ఆనుతున్నాయో లేదో చూసుకుని, దిగి, ఎవరి సాయమూ లేకుండా బండిని డబుల్ స్టాండు మీదికి ఎక్కించాలి. మా పిన్నిగారికి రంగు నచ్చి, అల్లుడు మెచ్చి, 125 సీసీ కొన్నారు. ఆవిడ దాన్ని ఈ రోజుకూ డబుల్ స్టాండు వేయలేరు. పాలవాడు వచ్చినప్పుడు వేయించుకుంటారు.

బ్రేకుల సంగతి కూడా ఒక మాట. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ లోపు బండ్లన్నిటికీ సీబీఎస్ తప్పనిసరి. ఎడమ చేతి లీవరు నొక్కితే వెనక బ్రేకుతో పాటు ముందుదీ కొంత పడుతుంది. పాత బండి అలవాటున్నవారు ఒక వారం ఖాళీ రోడ్డు మీద దీని పట్టు తెలుసుకోవాలి.

షోరూములో చెప్పిన ధర ఒకటి, కట్టింది ఇంకొకటి. ఎందుకు?

ప్రకటనలో ఉండేది ఎక్స్ షోరూము ధర. దాని మీద జీవితకాల పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము, బీమా పడతాయి. జీఎస్టీ ఆ ధరలోనే ఉంటుంది. 350 సీసీ లోపు ద్విచక్ర వాహనాలకు 2025 సెప్టెంబరు 22 నుంచి అది 28 శాతం నుంచి 18కి తగ్గింది. కొత్త బండికి 2018 సెప్టెంబరు నుంచి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి. 75 నుంచి 150 సీసీ బండికి 2022 జూన్‌లో నిర్ణయించిన రేటు అయిదేళ్లకు 3,851 రూపాయలు.

ఇవన్నీ న్యాయమైనవి. నా రెండో బండి కొన్నప్పుడు బిల్లులో 'హ్యాండ్లింగ్' అని ఒక వరస కనిపించింది. ఏమిటని అడిగితే కుర్రవాడు ‘అది అందరికీ ఉంటుంది సార్’ అన్నాడు. దేనికి అని మళ్లీ అడిగాను. ‘హ్యాండ్లింగ్‌కి సార్’ అన్నాడు. మేనేజరును పిలవమంటే ఆ వరస మాయమైంది. బీమా కూడా వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. బయట ధర అడిగి, ఆ కాగితం పట్టుకు వెళ్లండి. మీరు నోరు తెరవకముందే తగ్గిస్తారు.

నెలకు ఖర్చు ఎంత అవుతుంది? పెట్రోలు ఏ పక్క కొట్టించాలి?

నా లెక్క చెబుతాను. రోజుకు 34 కిలోమీటర్లు, నెలకు ఇరవై అయిదు రోజులు, మొత్తం 850. నా బండి లీటరుకు 45 ఇస్తుంది. కంపెనీ ప్రకటనలో ఇంతకంటే ఎక్కువ ఉంటుంది, అది వాళ్ల రోడ్డు మీద. అంటే పందొమ్మిది లీటర్లు, రెండు వేల రూపాయల లోపు. సర్వీసింగు, టైర్లు, బీమా కలిపి నెలకు మరో అయిదు వందలు పక్కన పెడతాను.

ఏ పక్క అంటే ఒడిశా పక్కే. ఆంధ్రలో పెట్రోలు మీద 31 శాతం వ్యాటుకు తోడు లీటరుకు నాలుగు రూపాయల అదనపు వ్యాటు, ఒక రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. ఒడిశాలో వ్యాటు 28 శాతం. లీటరుకు ఆరేడు రూపాయల తేడా పడుతుంది. అందుకే పర్లాకిమిడి బంకుల్లో ఏపీ నంబర్లు అంతగా కనిపిస్తాయి. ఎదురు దిశలో వెళ్లే నాలాంటివాళ్లకు ఇంటి దగ్గరే చవక కావడం అదృష్టం. కాని దీని కోసమే పది కిలోమీటర్లు వచ్చేవారిని చూస్తే జాలి. స్కూటరు ట్యాంకు పట్టేది అయిదు లీటర్లు, మిగిలేది ముప్ఫై అయిదు రూపాయలు, రానూపోనూ ఖర్చు దానికంటే ఎక్కువ.

బస్సు ఎందుకు కాదు, రైలు ఎందుకు కాదు అని కూడా అడుగుతారు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన చిన్న రైలు ఇప్పుడు పెద్ద పట్టాల మీద గుణుపురం దాకా పోతోంది. మా మిల్లు షిఫ్టు వేళలకూ దాని వేళలకూ పడదు. పడితే నేనూ ఎక్కేవాణ్ణే.

పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు కదా, పాత బండి పాడవుతుందా?

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు. 2023 ఏప్రిల్ తరవాత తయారైన బండ్లు దీన్ని తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలతో వస్తున్నాయి. అంతకు ముందువి ఆగిపోవు, కాని మైలేజీ కాస్త తగ్గుతుంది, పెట్రోలు గొట్టాలు త్వరగా గట్టిపడతాయి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి అసలు ఇబ్బంది నెలల తరబడి కదలని బండికి. వలస వెళ్లినవారి ఇళ్లలో సగం ట్యాంకుతో ఆరు నెలలు నిలబడిన బండిని అలాగే స్టార్టు చేయబోకండి. పాత పెట్రోలు తీయించి కొత్తది పోయించండి.

ఇంజిన్ మోగుతోంది, బండి కదలడం లేదు. ఏమైంది?

బెల్టు తెగింది. ఈ ప్రశ్నకు జవాబు నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

స్కూటరుకు గొలుసు ఉండదు. ఎడమ పక్కన ఆ పొడుగాటి మూత కింద రబ్బరు బెల్టు ఒకటి, దాని రెండు చివరలా రెండు గుండ్రటి కప్పీలు ఉంటాయి. ముందు కప్పీలో ఆరు చిన్న రోలర్లు. ఇంజిన్ వేగం పెరిగే కొద్దీ అవి బయటికి జరిగి కప్పీని దగ్గరికి నొక్కుతాయి, బెల్టు పైకెక్కుతుంది, అదే గేరు మారడం. వెనక కప్పీకి క్లచ్చు. ఇంజిన్ నెమ్మదించగానే అది తనంతట తాను వదిలేస్తుంది. మొత్తం ఇంతే, చూస్తే పిండిమర గుర్తొస్తుంది.

నా మొదటి బండి 31,000 కిలోమీటర్ల దగ్గర, జూలైలో, వంతెన నడిమధ్యన తెగింది. అంతకు నెల ముందు నుంచీ బండి కదిలేటప్పుడు వణుకుతోంది, ఎక్కుడులో ఇంజిన్ అరుస్తోంది గాని వేగం రావడం లేదు. వానాకాలం కదా, అలాగే ఉంటుందనుకున్నాను. ఆ రోజు ఒక్కసారి ‘టప్’ మని శబ్దం, తరవాత ఖాళీ మోత. వెనక లారీ, పక్కన గేదెలు, కింద ఎర్రటి నీళ్లు. తోసుకుంటూ పర్లాకిమిడి ఒడ్డుకు తెచ్చాను. మెకానిక్ మూత విప్పగానే నల్లటి పొడి దోసెడు రాలింది. బెల్టు పీచు పీచుగా, ఎలకలు కొరికిన చాపలా ఉంది. ‘బాబూ, దీని పని ఎప్పుడో అయిపోయింది, మీరే వినలేదు’ అన్నాడాయన.

చాలా 110 సీసీ బండ్లకు బెల్టు 24,000 కిలోమీటర్ల ప్రాంతంలో మార్చాలి. మీ బండితో వచ్చిన పుస్తకంలో అంకె ఉంటుంది, దాన్ని నమ్మండి. అప్పుడే రోలర్లు కూడా మార్పించండి. గుండ్రంగా ఉండవలసినవి ఒక పక్క అరిగి బల్లపరుపుగా అయిపోతాయి, మూత ఎలాగూ తీశారు కదా. విప్పిన పాత బెల్టు చూపించమని అడగండి. అడిగితే చూపించని చోట మళ్లీ చేయించకండి.

సర్వీసింగులో తప్పక చూసుకోవలసినవి ఏమిటి?

ఇంజిన్ ఆయిలు ముప్పావు లీటరు ప్రాంతం పడుతుంది. దాన్ని అందరూ మారుస్తారు. వెనక చక్రం దగ్గర వేరుగా ఉండే గేరు ఆయిలును చాలామంది మరిచిపోతారు. అది నూరు మిల్లీలీటర్ల పైచిలుకే, ధర కూడా పెద్ద లెక్క కాదు. అయినా అయిదేళ్లుగా ఒక్కసారీ మార్చని బండ్లు బజారులో బోలెడు. ఎండాకాలంలో మట్టి రోడ్ల మీద తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు పుస్తకంలో రాసిన దానికంటే ముందే నిండిపోతుంది. గాలి వారానికోసారి. నా బండికి ఒక్కరే ఎక్కితే ముందు 22, వెనక 29, ఇద్దరైతే వెనక 36. మీ బండివి సీటు కిందో బెల్టు మూత మీదో అతికించిన కాగితం మీద ఉంటాయి. టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టం ప్రకారమే పనికిరాదు, తడి రోడ్డు మీద అంతకు చాలా ముందే పనికిరాదు.

ఇక్కడి పంక్చర్ షాపుల్లో ఒడియా వినిపిస్తే బెదరకండి. ‘పబన’ అంటే గాలి, ‘చకా’ అంటే చక్రం. సగం మన మాటలే.

ఘాట్ రోడ్డు మీద స్కూటరు నడపవచ్చా?

నడపవచ్చు. ఎక్కడం కష్టమనుకుంటారు, కష్టమంతా దిగడంలోనే ఉంది. మహేంద్రగిరి వైపు వెళ్లినా, బరంపురం దారిలో తప్తపాణి ఘాటీ దిగినా ఒకటే సూత్రం. గేర్ల బండిలో రెండో గేరు వేసి దిగితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. స్కూటరులో వేగం బాగా తగ్గగానే క్లచ్చు వదిలేస్తుంది, అక్కడి నుంచి బండి వదిలిపెట్టిన సైకిలే. అంతా బ్రేకు మీదే భారం. డ్రమ్ము బ్రేకును ఆగకుండా నొక్కి పట్టుకుంటే వేడెక్కి పట్టు తప్పుతుంది. కాలిన వాసన వచ్చిందంటే ఆగి, చల్లారనిచ్చి బయలుదేరాలి, నీళ్లు పోయకూడదు. విడిచి విడిచి, రెండు బ్రేకులూ కలిపి నొక్కాలి. దిగేటప్పుడు తాళం ఆపేసి పెట్రోలు మిగిల్చేవాళ్లను చూశాను. వాళ్ల గురించి రాయడానికి ఏమీ లేదు.

రోడ్డు మీద ఉలవలు, వరి ఆరబోస్తే ఎలా వెళ్లాలి?

ఇది నగరం వాళ్లు అడగని ప్రశ్న, మనకు మాత్రం సంక్రాంతి ముందూ వెనకా రోజూ ఎదురయ్యేది. ఉలవ కట్టెను తారు రోడ్డు మీద పరిచి, వచ్చే పోయే బండ్ల చేత నూర్పిస్తారు. లారీకి అది నూర్పిడి, స్కూటరుకు గోళీల మీద నడక. కట్టె అంచులు దాటి రాలిన గింజలు ఇంకా ప్రమాదం, కంటికి కనపడవు. దూరం నుంచే వేగం తగ్గించి, బండిని నిటారుగా ఉంచి, హ్యాండిలు తిప్పకుండా, ముందు బ్రేకు ముట్టుకోకుండా నెమ్మదిగా దాటాలి. మలుపులో పరిచి ఉంటే దిగి నడిపించుకెళ్లండి. నేను ఒకసారి దిగకుండా వెళ్లి, మోకాలి చిప్ప మీద మచ్చతో పాటు ఆ రైతు భార్య చేత తిట్లు కూడా తిన్నాను, గింజలు చెదరగొట్టానని.

రాత్రిపూట పశువులు, పొగమంచు సరే. కొండవార గ్రామాల వైపు ఏనుగులు తిరుగుతున్నాయన్న కబురు వస్తే ఆ రాత్రి ప్రయాణం మానుకోండి. గజపతి జిల్లాలోని లఖారీ లోయ ఏనుగుల నెలవు. అవి శ్రీకాకుళం వైపు దిగిన సందర్భాలు ఉన్నాయి. హారను కొట్టి దారి అడిగే పని కాదు అది.

వాన నీళ్లలో బండి ఆగిపోతే ఏం చేయాలి?

మళ్లీ స్టార్టు చేయకూడదు. ఇదొక్కటి గుర్తుంటే వేల రూపాయలు మిగులుతాయి. నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్లి ఉంటే సెల్ఫు నొక్కడంతో లోపలి రాడ్డు వంగిపోవచ్చు. తోసి ఒడ్డుకు చేర్చి, మెకానిక్ చేత ప్లగ్గు విప్పించి నీళ్లు బయటికి తీయించాలి. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే, మార్పించాలి. నీళ్లలోంచి వెళ్లక తప్పకపోతే యాక్సిలరేటరు విడవకుండా, ఒకే వేగంతో వెళ్లాలి. సైలెన్సరు మూతి మునిగే లోతైతే వెళ్లనే కూడదు. దాటాక బ్రేకులు తడిసి పట్టవు, రెండు మూడుసార్లు మెల్లగా నొక్కి ఆరబెట్టుకోవాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా మీదుగా వెళ్లింది. గజపతి జిల్లా అంతా అల్లకల్లోలం. మా వీధిలో చెట్లు కూలి, కరెంటు రోజుల తరబడి లేదు. అప్పుడు తెలిసింది కిక్కు విలువ. బ్యాటరీ దిగిపోయిన బండ్లన్నీ బొమ్మల్లా నిలబడితే, కిక్కు ఉన్నవి కదిలాయి. కరెంటు లేక బంకుల్లో పెట్రోలు తోడే మిషన్లు ఆగాయి. అప్పటి నుంచి తుఫాను హెచ్చరిక వచ్చిందంటే నేను బియ్యం, కొవ్వొత్తుల కంటే ముందు ట్యాంకు నింపుతాను. ఇప్పుడు కొన్ని మోడళ్లకు కిక్కు తీసేశారు. కొనేటప్పుడు చూసుకోండి.

అలాగైతే ఎలక్ట్రిక్ స్కూటరు వద్దంటారా?

అలా అనను. రోజుకు ముప్ఫై నలభై కిలోమీటర్లు, రాత్రి ఇంట్లో ఛార్జింగు, ఇంతకంటే దానికి తగిన అవసరం ఉండదు. కిలోమీటరు ఖర్చులో పెట్రోలు బండి దాని ముందు నిలవదు. అడగవలసినవి రెండే: మీ ఊళ్లో, లేదా గంట దూరంలో, సర్వీసు కేంద్రం ఉందా? బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు? మొదటిదానికి లేదు అని జవాబు వస్తే, పక్కింట్లో ఇంకో పెట్రోలు బండి ఉంటేనే కొనండి. లైసెన్సు అక్కరలేని ఎలక్ట్రిక్ బండ్లు అంటే 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్నవే. మిగతా అన్నిటికీ లైసెన్సు, నంబరు, బీమా, హెల్మెట్ అన్నీ కావాలి.

వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ కావాలా? పిల్లల సంగతి?

కావాలి. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ. లేకపోతే వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్సు రద్దు. ముగ్గురు ఎక్కితే కూడా అదే శిక్ష. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు 2023 ఫిబ్రవరి నుంచి వేరే నియమం ఉంది: పిల్లను పెద్దవారికి కలిపి కట్టే బెల్టు, పిల్ల తలకు సరిపోయే హెల్మెట్, బండి వేగం గంటకు 40 దాటకూడదు. ముందు ఫుట్‌బోర్డు మీద పిల్లవాణ్ణి నిలబెట్టి తీసుకెళ్లడం మన ఊళ్లో ముచ్చటగా చూస్తారు. సడన్ బ్రేకు వేస్తే వాడి గడ్డం సరిగ్గా హ్యాండిలు ఎత్తులో ఉంటుంది. ఇది చూసిన తరవాత నేను మా మనవణ్ణి అలా ఎక్కించుకోవడం మానేశాను.

గ్యాస్ సిలిండరు ఫుట్‌బోర్డు మీద పెట్టుకోవచ్చా?

వద్దు. నిండు సిలిండరు దాదాపు ముప్ఫై కిలోలు, అడుగు గుండ్రం. మలుపులో దొర్లి హ్యాండిలును అడ్డుకుంటుంది. పాతిక కిలోల బియ్యం బస్తా పెడతాను, అదీ నిలువుగా, కాళ్ల మధ్య ఇరికించి. మిగతాది ఆటో.

కాగితాలన్నీ వెంట ఉంచుకోవాలా?

డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉన్నవి రెండు రాష్ట్రాల్లోనూ చెల్లుతాయి. ఆర్‌సీ, లైసెన్సు, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్. కొండల్లో సిగ్నలు ఉండదు కాబట్టి ముందే తెరిచి ఫోనులో దించుకోండి. ఎక్కువమందికి గడువు తీరేది బీమాకే, ఎందుకంటే మొదటి అయిదేళ్ల తరవాత ఏటా గుర్తు పెట్టుకోవాలి. బీమా లేకుండా దొరికితే మొదటిసారి రెండు వేలు. 110 సీసీ బండికి ఏడాది థర్డ్ పార్టీ రేటు 2022 నుంచి 714 రూపాయలు, దానిమీద జీఎస్టీ. లెక్క మీరే వేసుకోండి.

అన్నిటినీ స్కూటీ అంటారెందుకు? అది ఒక కంపెనీ బండి పేరు కదా?

అవును. కాని గేర్లు లేనిదేదైనా మనకు స్కూటీయే. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం స్కూటీ అంటే అది స్కూటీ.

పాత బండి అమ్మేస్తున్నాను. ఏం జాగ్రత్త తీసుకోవాలి?

29, 30 నంబర్ల ఫారాల మీద సంతకం చేసి ఇచ్చేయడంతో పని అయిపోయిందనుకోకండి. పేరు మారేదాకా బండి మీదే. కొన్నవారు అదే రాష్ట్రంలో ఉంటే పద్నాలుగు రోజుల్లో, వేరే రాష్ట్రమైతే నలభై అయిదు రోజుల్లో అమ్మినవారు రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. సరిహద్దు అవతలికి అమ్మితే ఎన్‌ఓసీ తీసుకునే బాధ్యత కూడా మీ మీదే వేసుకోండి, కొన్నవారు ఎప్పటికీ తీసుకోరు. ఆర్‌సీలో పేరున్నవాడే యజమాని అని, ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది.

నా మొదటి బండిని పాతపట్నం అవతల తెలిసినవాళ్ల అబ్బాయికి అమ్మాను. తెలిసినవాళ్లే కదా అని ఫారాలు ఇచ్చి ఊరుకున్నాను. పద్నాలుగు నెలల తరవాత ఒక మధ్యాహ్నం, మిల్లులో భోజనం చేస్తుండగా ఫోను మోగింది. శ్రీకాకుళంలో హెల్మెట్ లేకుండా వెళ్లినందుకు నాకు చలానా. ఫొటో తెరిచి చూశాను. నా పాత ఎర్ర బండి, దాని మీద ముగ్గురు కుర్రాళ్లు, మధ్యలోవాడు కెమెరా వైపు చూసి చెయ్యి ఊపుతున్నాడు.